ఫిషింగ్ లింకును నొక్కిన తరువాత: తొలి గంటలో చేయవలసిన పనులు

ప్రత్యేక వ్యాసం – అధికారులు, పాత్రికేయుల సౌకర్యార్థం

కోరుకొండ (తూర్పు గోదావరి జిల్లా): ఈ-మెయిల్‌లో వచ్చిన నకిలీ లింకును నొక్కిన క్షణానికీ, దానివల్ల నష్టం జరిగే క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. అది కొన్ని నిమిషాలు కావచ్చు, కొన్ని వారాలు కావచ్చు. ఆ వ్యవధిలో తీసుకునే చర్యలను బట్టే నష్టం ఒక కంప్యూటరుకు పరిమితమవుతుందా, కార్యాలయం మొత్తానికి వ్యాపిస్తుందా అన్నది తేలుతుంది. లింకును నొక్కడం పొరపాటు. దానిని దాచిపెట్టడం ప్రమాదం.

కోరుకొండ వంటి మండల కేంద్రాలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. తహసీల్దారు, మండల పరిషత్ కార్యాలయాల్లోనూ, పంచాయతీల్లోనూ భూముల దస్త్రాలు, పింఛన్ల జాబితాలు, బిల్లుల చెల్లింపులు నేడు కంప్యూటర్ల ద్వారానే సాగుతున్నాయి. కంప్యూటర్ భద్రతా నిపుణులు మాత్రం ప్రతి మండలంలోనూ అందుబాటులో ఉండరు. జిల్లా కేంద్రమైన రాజమహేంద్రవరం నుంచి సాంకేతిక సహాయం అందేలోగా తొలి చర్యలు అక్కడున్న సిబ్బందే తీసుకోవలసి ఉంటుంది. ఆ చర్యలకు సాంకేతిక విద్య అవసరం లేదు. క్రమం తెలిసి ఉంటే చాలు.

ఫిషింగ్ అంటే ఏమిటి?

ఎర చూపి గాలం వేసినట్లుగా, నమ్మదగిన సంస్థ పేరుతో సందేశం పంపి, లింకును నొక్కించడం లేదా జతపరచిన ఫైలును తెరిపించడమే ఫిషింగ్. బ్యాంకు ఖాతా స్తంభించిందని, ఆదాయపు పన్ను వాపసు వచ్చిందని, మెయిల్ పెట్టె నిండిపోయిందని, వేతన సవరణ ఉత్తర్వు జతపరచామని ఈ సందేశాలు వస్తుంటాయి. పాత్రికేయులకు అక్రిడిటేషన్ పునరుద్ధరణ పేరుతోనూ, అధికారులకు పై అధికారి పేరుతోనూ రావచ్చు. లింకు వెనుక రెండు రకాల ఉచ్చులుంటాయి. ఒకటి, పాస్‌వర్డును, ఓటీపీని అడిగే నకిలీ పేజీ. రెండవది, మాల్‌వేర్ అనే హానికర సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులోనికి దింపే ఫైలు. బ్రౌజరు చిరునామా పక్కన తాళం గుర్తు కనిపించినంత మాత్రాన ఆ పేజీ అసలైనదని భావించరాదు. నకిలీ పేజీలకు కూడా ఆ గుర్తు ఉంటుంది.

హైదరాబాద్ బ్యాంకు ఉదంతం

నొక్కిన లింకుకూ, జరిగిన నష్టానికీ మధ్య ఎంత వ్యవధి ఉండగలదో తెలుపడానికి హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం మంచి ఉదాహరణ. 2022 మార్చి నెలాఖరున హైదరాబాద్ నగర పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. వారిలో ఇద్దరు వాటి గాలానికి చిక్కారు. దాంతో, దూరం నుంచే కంప్యూటరును నడిపించగల మాల్‌వేర్ వారి యంత్రాల్లో చేరింది. నేరగాళ్లు ఆ దారిన బ్యాంకు వ్యవస్థలోనికి ప్రవేశించి, వారాల తరబడి అదను కోసం వేచి ఉన్నారు. 2022 జనవరిలో రూ.12.48 కోట్లు కాజేసి, ఆ సొమ్మును అనేక ఖాతాలకు మళ్లించి, దేశవ్యాప్తంగా ఏటీఎంల నుంచి తీసుకున్నారు.

నెట్‌వర్క్‌ను విభాగాలుగా విడదీయకపోవడం, రక్షణ ఏర్పాట్లు చాలినంతగా లేకపోవడం వంటి లోపాలను పోలీసులు ఆ సందర్భంగా ఎత్తిచూపారు. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా విధించింది.

ఈ ఉదంతంలో గమనించవలసినది రెండు నెలల వ్యవధి. 200 మెయిళ్లలో 2 ఫలించినా నేరగాడికి చాలు. అయితే ఆ రెండు యంత్రాలను నవంబరులోనే గుర్తించి వేరుచేసి ఉంటే, జనవరిలో దోపిడీకి ఆ మార్గం ఉండేది కాదు. లింకును నొక్కిన తరువాత కంప్యూటరు మామూలుగానే పనిచేస్తున్నదన్నది ధైర్యం చెప్పుకోవడానికి కారణం కాదు. ఇటువంటి మాల్‌వేర్ లక్షణమే కనిపించకుండా ఉండడం.

ముందుగా తేల్చుకోవలసినది

లింకును నొక్కిన ప్రతి సందర్భమూ ఒకే స్థాయి ప్రమాదం కాదు. జరిగినది ఈ నాలుగింటిలో ఏదో ముందుగా తేల్చుకోవాలి.

1. మెయిల్‌ను తెరిచారు, లింకును నొక్కలేదు: సాధారణంగా ప్రమాదం తక్కువ. మెయిల్‌ను ఫిషింగ్‌గా నమోదు చేసి, సాంకేతిక సిబ్బందికి తెలపాలి.

2. లింకును నొక్కారు, పేజీ తెరుచుకుంది, అందులో ఏమీ నింపలేదు: బ్రౌజరు, ఆపరేటింగ్ సిస్టమ్ తాజా స్థితిలో ఉంటే ప్రమాదం పరిమితం. పాత సాఫ్ట్‌వేర్ ఉంటే పేజీ తెరుచుకోవడమే చాలవచ్చు. డౌన్‌లోడ్ల జాబితాలో తెలియని ఫైలు చేరిందేమో చూడాలి. చేరి ఉంటే దానిని తెరవరాదు.

3. పేజీలో పాస్‌వర్డు, కార్డు వివరాలు లేదా ఓటీపీ నింపారు: అవి నేరగాడికి చేరినట్లే భావించాలి. ఇక్కడ మొదటి పని కంప్యూటరును శుభ్రపరచడం కాదు, ఖాతాలను కాపాడుకోవడం.

4. ఫైలును దింపుకొని తెరిచారు, లేదా డాక్యుమెంటులో ‘ఎనేబుల్ కంటెంట్’ అన్న మీటను నొక్కారు: మాల్‌వేర్ సోకినట్లే భావించి కింది చర్యలన్నీ చేపట్టాలి.

తొలి నిమిషాలు: వేరుచేయడం

మూడవ, నాలుగవ సందర్భాల్లోనూ, ఏది జరిగిందో తేల్చుకోలేని సందర్భంలోనూ మొదట చేయవలసినది ఆ కంప్యూటరును నెట్‌వర్క్ నుంచి వేరుచేయడం. నెట్‌వర్క్ కేబులును ఊడదీయాలి. వైఫైని, బ్లూటూత్‌ను ఆపివేయాలి. పెన్‌డ్రైవ్‌లు, బ్యాకప్ డిస్కులు తగిలించి ఉంటే తొలగించాలి. వాటిని మరొక కంప్యూటరుకు తగిలించరాదు.

ఈ చర్య ఎంత అవసరమో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. ఆ నెల 12న బయటపడిన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఎవరూ లింకును నొక్కకుండానే, నెట్‌వర్క్‌లో ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి అది దానంతట అదే పాకింది. దానిని నిరోధించే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చి 14న విడుదల చేసింది. ఆ మరమ్మతును అమర్చుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి.

కంప్యూటరును వెంటనే ఆపివేయాలా అన్న సందేహం తరచు కలుగుతుంది. కార్యాలయాల్లో సాధ్యమైనంతవరకు ఆపివేయకుండా, నెట్‌వర్క్ నుంచి మాత్రం వేరుచేసి ఉంచడం మంచిది. దర్యాప్తునకు పనికివచ్చే ఆనవాళ్లు కొన్ని యంత్రపు తాత్కాలిక స్మృతిలో ఉంటాయి. ఆపివేస్తే అవి చెరిగిపోతాయి. అయితే ఫైళ్ల పేర్లు కళ్ల ముందే మారిపోతున్నా, తెరుచుకోకుండా పోతున్నా, నెట్‌వర్క్ నుంచి వేరుచేయడం సాధ్యం కాకపోయినా వెంటనే విద్యుత్తును ఆపివేయాలి. అప్పుడు ఆనవాళ్లకన్నా దస్త్రాలను కాపాడుకోవడమే ముఖ్యం.

డిజిటల్ సంతకపు టోకెన్ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. బిల్లుల ఆమోదానికి, పంచాయతీ చెల్లింపులకు వాడే టోకెన్‌ను కంప్యూటరుకు తగిలించి వదిలివేయడం అనేక కార్యాలయాల్లో అలవాటుగా ఉన్నది. దూరం నుంచి యంత్రాన్ని నడిపించగల నేరగాడికి అది అధికారి సంతకం చేతికిచ్చినట్లే అవుతుంది. అనుమానం కలిగిన మరుక్షణం టోకెన్‌ను తీసివేయాలి. దాని పిన్‌ను వేరొక సురక్షిత కంప్యూటరులో మార్చాలి. దుర్వినియోగం జరిగిందన్న అనుమానముంటే, సంతకాన్ని జారీ చేసిన సంస్థకు తెలిపి రద్దు చేయించాలి.

తరువాత: తెలపడం, నమోదు చేయడం

పై అధికారికి, సాంకేతిక సిబ్బందికి ఫోను ద్వారా తెలపాలి. అనుమానిత కంప్యూటరు నుంచి మెయిల్ పంపరాదు. ఆ మెయిల్‌ను ‘ఇది చూడండి’ అంటూ తోటివారికి పంపడం కూడా తగదు. ఉచ్చును మరికొందరికి అందించినట్లవుతుంది.

జరిగినదానిని కాగితంపై రాసి ఉంచాలి. మెయిల్ వచ్చిన తేదీ, సమయం, పంపినవారి పూర్తి చిరునామా, విషయం, లింకును నొక్కిన సమయం, నింపిన వివరాలు, తరువాత కనిపించిన మార్పులు అందులో ఉండాలి. తెరపై కనిపించినదానిని ఫోనుతో ఫోటో తీయాలి. మెయిల్‌ను తొలగించరాదు. దాని అంతర్గత వివరాల్లో అది ఏ సర్వరు నుంచి వచ్చిందో నమోదై ఉంటుంది.

ఖాతాల రక్షణ

పాస్‌వర్డులను అదే కంప్యూటరులో మార్చడం చాలామంది చేసే పని. మీట మీటనూ నమోదు చేసే మాల్‌వేర్ అందులో ఉంటే కొత్త పాస్‌వర్డు కూడా నేరగాడికి చేరుతుంది. అందువల్ల వేరొక కంప్యూటరును లేదా ఫోనును వాడాలి.

మొదట ఈ-మెయిల్ పాస్‌వర్డు మార్చాలి. ఇతర ఖాతాల పాస్‌వర్డులను మార్చుకునే దారి మెయిల్ ద్వారానే ఉంటుంది గనుక అది చేజారితే మిగిలినవీ చేజారుతాయి. తరువాత బ్యాంకు ఖాతాలు, శాఖాపరమైన లాగిన్లు, సామాజిక మాధ్యమాలు. ఒకే పాస్‌వర్డును పలుచోట్ల వాడి ఉంటే అన్నిచోట్లా మార్చాలి.

పాస్‌వర్డు మార్చడంతో పని పూర్తి కాదు. అన్ని పరికరాల నుంచి లాగ్ అవుట్ అయ్యే సదుపాయాన్ని వాడాలి. బ్రౌజరులో నిలిచి ఉండే లాగిన్ గుర్తులను అపహరించే మాల్‌వేర్‌కు పాస్‌వర్డుతో పనిలేదు. మెయిల్ సెట్టింగుల్లో మరొక చిరునామాకు మెయిళ్లు వాటంతట అవే వెళ్లే ఏర్పాటు చేరిందేమో, ఖాతా పునరుద్ధరణ ఫోను నంబరు మారిందేమో చూడాలి. రెండంచెల ధ్రువీకరణను అమర్చుకోవాలి.

సొమ్ము పోయినా, పోయే ప్రమాదం ఉన్నా

బ్యాంకు వివరాలు నింపి ఉంటే, కార్డు వెనుక ముద్రించిన నంబరుకు ఫోను చేసి కార్డును, నెట్ బ్యాంకింగ్‌ను నిలిపివేయించాలి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు ఫోను చేయరాదు. నకిలీ సహాయ కేంద్రాల నంబర్లు అక్కడ కూడా ఉంటాయి.

సొమ్ము పోయినట్లయితే వెంటనే జాతీయ సైబర్ సహాయ కేంద్రం నంబరు 1930కి ఫోను చేయాలి. 2021 ఏప్రిల్‌లో 155260 నంబరుతో మొదలైన ఈ సేవ తరువాత 1930కి మారింది. ఫిర్యాదు అందగానే సంబంధిత బ్యాంకులకు సమాచారం చేరి, సొమ్ము ఏ ఖాతాలో ఉంటే అక్కడ నిలిపివేసే ఏర్పాటు ఇందులో ఉంది. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు నిమిషాల్లో మారుతుంది గనుక తొలి గంట అత్యంత విలువైనది. 2019 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

బ్యాంకుకు తెలపడంలో జాప్యం బాధితునికి భారమవుతుంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు వెల్లడించిన సందర్భంలో బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం ఖాతాదారుది, తెలిపిన తరువాత జరిగిన నష్టం బ్యాంకుది. అందువల్ల ఫిర్యాదు చేసిన సమయాన్ని, ఫిర్యాదు సంఖ్యను తప్పక రాసి ఉంచుకోవాలి.

కంప్యూటరును శుభ్రపరచడం

యాంటీవైరస్‌ను తాజా స్థితికి తెచ్చి పూర్తి తనిఖీ చేయాలి. కొన్ని మాల్‌వేర్‌లు విండోస్ నడుస్తున్నప్పుడు దాగి ఉండగలవు. విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్‌లో, విండోస్ మొదలుకాకముందే తనిఖీ చేసే ఆఫ్‌లైన్ విధానం ఉంది. దానిని వాడటం మేలు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం మాల్‌వేర్‌ను తొలగించే ఉపకరణాలను ఉచితంగా అందిస్తున్నది.

తనిఖీలో ఏమీ దొరకకపోవడం ఏమీ లేదనడానికి రుజువు కాదు. కొత్తగా తయారైన మాల్‌వేర్‌ను యాంటీవైరస్ గుర్తించకపోవచ్చు. ఫైలును తెరిచినట్లు నిర్ధారణ అయితే, ముఖ్యమైన పనులకు వాడే కంప్యూటరులో డిస్కును పూర్తిగా చెరిపి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ అమర్చడమే నమ్మదగిన మార్గం. అయితే పోలీసులకు ఫిర్యాదు చేసిన పక్షంలో ఆనవాళ్లను భద్రపరచుకునే వరకు డిస్కును చెరపరాదు. దస్త్రాలను లింకు నొక్కిన తేదీకి ముందు తీసిన బ్యాకప్ నుంచి మాత్రమే తిరిగి తెచ్చుకోవాలి.

ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగే రాన్సమ్‌వేర్ సోకినప్పుడు సొమ్ము చెల్లించరాదు. చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. తెరపై ‘మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని కనిపించినప్పుడు ఆ నంబరుకు ఫోను చేయరాదు. అది మరొక గాలం.

ఫోనులో జరిగితే

ఇటీవలి కాలంలో ఇటువంటి లింకులు వాట్సాప్ సందేశాల్లో ఎక్కువగా వస్తున్నాయి. వాహన చలానా, పీఎం కిసాన్ వంటి పేర్లతో ఏపీకే ఫైళ్లను పంపి యాప్‌ను అమర్చుకునేలా చేస్తున్నారు. అటువంటి యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి లభిస్తే ఓటీపీలు నేరుగా నేరగాడికి చేరుతాయి.

యాప్‌ను అమర్చుకున్నట్లయితే ఫోనును వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచాలి. వేరొక ఫోను నుంచి బ్యాంకుకు, 1930కి తెలపాలి. తరువాత ఆ యాప్‌ను తొలగించాలి. తొలగించడానికి వీలు కాకపోతే ఫోనును సేఫ్ మోడ్‌లో తెరిచి, డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతులను రద్దు చేసి ప్రయత్నించాలి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ జాబితాలో తెలియని పరికరాలుంటే తొలగించాలి. కాల్ ఫార్వర్డింగ్‌ను పరిశీలించాలి. బ్యాంకు లావాదేవీలకు వాడే ఫోను అయితే, ముఖ్యమైన ఫోటోలను, ఫోను నంబర్లను భద్రపరచుకొని, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం శ్రేయస్కరం.

చట్టం ఏమి చెబుతున్నది?

సమాచార సాంకేతిక చట్టం 2000లోని 66సి సెక్షను ఇతరుల పాస్‌వర్డు, డిజిటల్ సంతకాల దుర్వినియోగాన్ని, 66డి సెక్షను కంప్యూటరు ద్వారా మరొకరిలా నటించి మోసగించడాన్ని నేరాలుగా పరిగణిస్తాయి. రెండింటికీ 3 సంవత్సరాల వరకు జైలు, రూ.1 లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ఫిర్యాదును సమీప పోలీసు స్టేషనులో ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా ఫిర్యాదును స్వీకరించవలసి ఉంటుంది. కోరుకొండ వాసి సొమ్ము వేరొక రాష్ట్రంలోని ఖాతాకు చేరినా, ఫిర్యాదు కోసం అక్కడికి వెళ్లనవసరం లేదు.

ప్రభుత్వ సంస్థలకు అదనపు బాధ్యత ఉంది. దేశంలో కంప్యూటర్ భద్రతా ఘటనలను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలపాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. కింది స్థాయి ఉద్యోగి భయపడి రెండు రోజులు మౌనంగా ఉంటే కార్యాలయం ఈ గడువును పాటించడం సాధ్యం కాదు.

పాత్రికేయులకు సూచనలు

పాత్రికేయుల ఫోనులో, మెయిల్‌లో తమ వివరాలేగాక, సమాచారం అందించినవారి వివరాలు కూడా ఉంటాయి. ఖాతా చేజారినట్లు తేలితే వారికి వేరొక మార్గంలో ముందుగా తెలపడం కనీస ధర్మం. ప్రకటనల రూపంలో వచ్చే మెయిళ్ల విషయంలో, పంపినవారి పేరును కాక పూర్తి చిరునామాను చూడాలి. అనుమానం కలిగితే సంబంధిత కార్యాలయానికి ఫోను చేసి నిర్ధారించుకోవాలి. ఇటువంటి ఘటనలపై వార్తలు రాసేటప్పుడు అసలు లింకును యథాతథంగా ప్రచురించరాదు. బాధితుని పేరు వెల్లడించి హేళన చేసేలా రాస్తే మరొక బాధితుడు ఫిర్యాదు చేయడానికి వెనుకాడతాడు.

కార్యాలయాధిపతులకు సూచనలు

ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు ఖర్చుతో కూడినవి కావు. ముఖ్యమైన దస్త్రాలకు 3 ప్రతులు ఉంచి, వాటిని 2 వేర్వేరు సాధనాల్లో భద్రపరచి, కనీసం 1 ప్రతిని నెట్‌వర్క్‌కు దూరంగా వేరొకచోట ఉంచాలి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతాను వాడరాదు. విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనూ సాధారణ మద్దతు ముగిసింది. ఆ యంత్రాలను గుర్తించి మార్పు చేపట్టాలి. తొలి చర్యల క్రమాన్ని, అవసరమైన ఫోను నంబర్లను కాగితంపై ముద్రించి ప్రతి కంప్యూటరు వద్ద అతికించాలి. కంప్యూటరు పనిచేయని వేళ అవి కంప్యూటరులోనే ఉండి ప్రయోజనం లేదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది, లింకును నొక్కినట్లు వెంటనే తెలిపిన ఉద్యోగిని నిందించకుండా ఉండడం. మొదటి రోజు తెలిపినవానిని మందలిస్తే, రెండవసారి ఎవరూ తెలపరు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అది ఎంత త్వరగా తెలిసిందన్నదే కార్యాలయ భద్రతకు కొలమానం.

అవసరమైన నంబర్లు

సైబర్ ఆర్థిక నేరాలపై ఫిర్యాదు: 1930
జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్: సైబర్‌క్రైమ్.గవ్.ఇన్
సెర్ట్-ఇన్ ఉచిత ఫోను: 1800-11-4949
పోలీసు అత్యవసర సేవ: 112